క్రిప్టో ఎక్స్ఛేంజ్ లాగిన్: మోసపోయినా డబ్బు పోకుండా ఉండాలంటే

2018 మార్చి 7న బైనాన్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు కొని అమ్మే వేదికలో, రెండు నిమిషాల పాటు ఒక వింత జరిగింది. పెద్దగా ఎవరూ పట్టించుకోని వయాకాయిన్ అనే కాయిన్ ధర ఉన్నట్టుండి పైకి దూసుకుపోయింది. కొంటున్నది ఎవరా అని చూస్తే మామూలు ఖాతాదారులే. కానీ తాము కొంటున్న సంగతి వాళ్లకే తెలియదు. వాళ్ల ఖాతాల్లో ఉన్న బిట్‌కాయిన్‌తో, వాళ్ల ప్రమేయం లేకుండానే కొనుగోళ్లు జరిగిపోతున్నాయి.

దీనికి కొన్ని వారాల ముందు నుంచే దొంగలు ఒక నకిలీ సైట్ నడుపుతున్నారు. దాని అడ్రస్ చూడటానికి అచ్చం బైనాన్స్‌దే. పేరులో ఉన్న రెండు ‘ఎన్’ అక్షరాల కింద మాత్రం చెరో చుక్క ఉంది. ఇంగ్లిష్ అక్షరమాలలో లేని, ప్రపంచ లిపులన్నిటినీ కలిపిన యూనికోడ్‌లో ఉన్న అక్షరాలు అవి. ఫోన్ తెర మీద ఆ చుక్క కంటికి ఆనదు. ఆ సైట్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టినవాళ్లలో చాలామందిని వెంటనే అసలు సైట్‌కి పంపించేశారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఖాతాల్లోకి దూరిన దొంగలు ఒక్కో ఖాతాలో ఒక ఏపీఐ కీ తయారు చేసి పెట్టుకుని ఓపిగ్గా ఆగారు. బయటి ప్రోగ్రాం ఏదైనా మన తరఫున కొనడానికీ, అమ్మడానికీ వీలిచ్చే అనుమతే ఈ ఏపీఐ కీ. మార్చి 7న అన్ని కీలనూ ఒకేసారి వాడారు. బాధితుల బిట్‌కాయిన్‌తో వయాకాయిన్ కొనిపించి, ధర పెరిగాక, తాము ముందే పోగేసుకున్న వయాకాయిన్‌ను వాళ్లకే అమ్మారు.

ఇంత కథ నడిపినా దొంగలు డబ్బు తీసుకుపోలేకపోయారు. అమ్మగా వచ్చిన బిట్‌కాయిన్‌ను బయటకు తీయబోయేసరికి, లావాదేవీల తీరు తేడాగా ఉందని గుర్తించిన ఎక్స్ఛేంజ్ వ్యవస్థ విత్‌డ్రాలు ఆపేసింది. వాళ్లు పెట్టుబడిగా తెచ్చుకున్న కాయిన్లు కూడా అక్కడే చిక్కుకుపోయాయి.

క్రిప్టో ఖాతా భద్రత గురించి ఎవరు అడిగినా నాకు ముందు ఈ ఘటనే గుర్తొస్తుంది. అందులో మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. అక్షరం కింద చుక్క చూడలేకపోవడం తప్పు కాదు. లాగిన్ వివరాలు దొంగల చేతికి పోయిన తర్వాత కూడా, డబ్బు బయటకు వెళ్లే చోట వేరే కాపలా ఉండటం వల్ల అది ఆగింది. ‘లింకులు నొక్కకండి, జాగ్రత్తగా ఉండండి’ అనే సలహా మీద నాకు నమ్మకం తక్కువ. అలసిపోయిన రాత్రి, మార్కెట్ పడిపోతున్న టెన్షన్‌లో, ఎవరైనా మోసపోతారు. ఏదో ఒక రోజు మనమూ మోసపోతాం అనే లెక్కతోనే లాగిన్ ఏర్పాట్లు చేసుకోవాలి.

బ్యాంకు ఖాతా లాంటిది కాదు

మన దగ్గర చాలామంది ఎక్స్ఛేంజ్ యాప్‌ను ఫోన్‌పే, బ్యాంకు యాప్ వాడినట్టే వాడతారు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి కానీ, వెనక ఉన్న రక్షణలో తేడా చాలా ఉంది.

బ్యాంకు ఖాతా నుంచి మన తప్పు లేకుండా ఎవరైనా డబ్బు లాగేస్తే, రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న సర్క్యులర్‌తో తెచ్చిన నియమం మనకు అండగా ఉంటుంది. సమాచారం వచ్చిన మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే మన మీద నష్టం పడదు. ఓటీపీ మనమే చెప్పేసిన కేసుల్లో ఆ రక్షణ తగ్గుతుంది, అయినా కనీసం ఒక నియమం ఉంది, నిలదీయడానికి అంబుడ్స్‌మన్ ఉన్నాడు. క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కి ఈ నియమం వర్తించదు. 2023 మార్చి 7 నుంచి ఎక్స్ఛేంజ్‌లను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. భారత్‌లో వ్యాపారం చేయాలంటే అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి. అయితే అది నల్లధనం కదలికల మీద నిఘా కోసం పెట్టినది. మన డబ్బు పోతే తిరిగి ఇప్పించే హామీ అందులో లేదు.

ఇంకో తేడా వెబ్ అడ్రస్‌లో ఉంది. 2025 అక్టోబర్ 31 నాటికి బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక అడ్రస్‌కు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అడ్రస్ చివర చూసి అసలు బ్యాంకో కాదో పోల్చుకోవచ్చు. క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లకు అలాంటి ప్రత్యేకమైన చివర ఏదీ లేదు. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి అడ్రస్‌లు ఎవరైనా కొనుక్కోవచ్చు. అడ్రస్ పట్టీలో కనిపించే తాళం గుర్తు చూసి ధైర్యపడేవాళ్లు ఇంకా ఉన్నారు. మనకూ ఆ సైట్‌కీ మధ్య సమాచారం ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొంగ అయినా అదే తాళం కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్ మీద ఖరారైన లావాదేవీని వెనక్కి తిప్పే మీట ఎవరి దగ్గరా లేదు. పొరపాటున వేరే ఖాతాకు పోయిన డబ్బును బ్యాంకు ద్వారా అడిగి తెప్పించుకునే అవకాశం కొంతైనా ఉంటుంది. ఇక్కడ అవతలి వాలెట్ (క్రిప్టో దాచుకునే డిజిటల్ పర్సు) యజమాని తానుగా పంపితే తప్ప రాదు.

నకిలీ పేజీ వెనక ఏం జరుగుతుంది

పాతకాలం ఫిషింగ్ పేజీ, అంటే వివరాలు కాజేసే నకిలీ పేజీ, మన పాస్‌వర్డ్‌ను ఒక ఫైల్‌లో రాసుకునేది. దొంగ దాన్ని తీరిగ్గా తర్వాత వాడేవాడు. అప్పటికి ఓటీపీ గడువు దాటిపోయేది. ఇప్పటి పేజీలు అలా పనిచేయడం లేదు. మనకూ అసలు ఎక్స్ఛేంజ్‌కీ మధ్య నిలబడి అటూ ఇటూ అందిస్తాయి. మనం నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టిన క్షణంలోనే అది అసలు సైట్‌లో నమోదవుతుంది. అసలు సైట్ ఓటీపీ పంపుతుంది. నిజమైన ఓటీపీ, నిజమైన సెండర్ పేరుతో మన ఫోన్‌కి వస్తుంది. మనం దాన్ని నకిలీ పేజీలో కొడతాం, అదీ అసలు సైట్‌కి చేరిపోతుంది. లాగిన్ పూర్తవుతుంది, కాకపోతే లోపలికి వెళ్లింది దొంగ. మెసేజ్ అసలుదే కదా అని మనం సరిచూసుకున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే మెసేజ్ నిజంగానే అసలుది.

చాలామంది ఈ పేజీకి చేరేది ఈమెయిల్ లింకు ద్వారా కాదు. ఎక్స్ఛేంజ్ పేరు గూగుల్‌లో కొట్టి, పైన కనిపించిన మొదటి ఫలితం నొక్కుతారు. ఆ మొదటి ఫలితం డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు. అందుకే ఎక్స్ఛేంజ్‌ను వెతికి తెరవడం అనే అలవాటునే పూర్తిగా మానేయాలి. సరైన అడ్రస్‌ను ఒక్కసారి బుక్‌మార్క్ చేసుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే వెళ్లాలి. ఫోన్‌లో అయితే ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి వేసుకున్న యాప్ తప్ప బ్రౌజర్ జోలికి పోకపోవడం మంచిది.

పాస్‌వర్డ్ మేనేజర్ వాడమని చెబితే చాలామంది గుర్తుపెట్టుకోలేనివాళ్ల కోసం అనుకుంటారు. ఇక్కడ దాని అసలు ఉపయోగం వేరు. అడ్రస్ సరిగ్గా సరిపోలితేనే అది పాస్‌వర్డ్ నింపుతుంది. ‘ఎన్’ కింద చుక్క మన కంటికి కనబడదు, మేనేజర్‌కు అది పూర్తిగా వేరే అడ్రస్. ఎప్పుడూ తానుగా నిండే పెట్టె ఈరోజు ఖాళీగా ఉంటే, పాస్‌వర్డ్‌ను చేత్తో కాపీ చేసి అతికించకండి. అక్కడే ఆగి అడ్రస్ చూడండి. ఇక ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడటం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఒక షాపింగ్ సైట్ నుంచి బయటపడిన జాబితాను తీసుకొచ్చి ఎక్స్ఛేంజ్‌లో వరసగా ప్రయత్నించడం దొంగలకు యంత్రాలు చేసిపెట్టే పని.

ఎస్ఎంఎస్, అథెంటికేటర్, పాస్‌కీ

పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో రుజువు మూడు రకాలుగా ఉంటుంది. మూడూ ఒకే స్థాయి భద్రత ఇస్తాయని అనుకోవడం వల్లే చాలామంది మొదటి రకంతోనే ఆగిపోతారు.

ఎస్ఎంఎస్ ఓటీపీ ఫోన్ నంబర్‌ను నమ్ముకుంటుంది. నంబర్ మనది అనుకుంటాం కానీ అది టెలికం కంపెనీ చేతిలో ఉంటుంది. 2024 జనవరి 9న అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఎక్స్ (పాత ట్విటర్)లో ఉన్న ఖాతాలో, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (షేర్లలా కొని అమ్మే ఫండ్లకు) అనుమతి ఇచ్చేశామని ఒక పోస్టు వచ్చింది. బిట్‌కాయిన్ ధర ఎగిసింది, కాసేపటికే అది అబద్ధమని తేలి పడింది. అసలు అనుమతి వచ్చింది మర్నాడు. ఆ ఖాతా చేతులు మారడానికి అతిపెద్ద హ్యాకింగ్ ఏమీ అవసరం పడలేదు. అలబామా రాష్ట్రంలో ఒకడు నకిలీ గుర్తింపు కార్డుతో మొబైల్ స్టోర్‌కి వెళ్లి, ఆ ఖాతాకు జోడించి ఉన్న ఫోన్ నంబర్ మీద కొత్త సిమ్ తీసుకున్నాడు. దీన్నే సిమ్ స్వాప్ అంటారు. ఆ ఖాతాకు రెండో రుజువు అడిగే ఏర్పాటును అంతకు ఆరు నెలల ముందు, 2023 జులైలో తీసేయించుకున్నారని తర్వాత బయటపడింది. మార్కెట్‌ను కాపలా కాసే సంస్థకే ఇలా జరిగింది.

మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటల పాటు ఆ నంబర్‌కు ఎస్ఎంఎస్‌లు ఆపాలని టెలికం శాఖ 2022లో ఆదేశించింది. ఇది నిజంగా పనికొచ్చే నియమం. మన ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, చుట్టుపక్కల అదే నెట్‌వర్క్ ఉన్నవాళ్లకు బాగానే వస్తుంటే, ఆ 24 గంటలే మనకు దొరికే సమయం. ‘టవర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది, పొద్దున చూద్దాం’ అని పడుకోకూడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నప్పుడు తెరిచిన ఖాతాకు ఇక్కడి నంబర్ ఉంటుంది. డల్లాస్ వెళ్లాక ఆ సిమ్‌కి రీచార్జ్ చేయడం మర్చిపోతారు. డిస్‌కనెక్ట్ అయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత టెలికం కంపెనీ వేరొకరికి ఇచ్చేయవచ్చు. అప్పటి నుంచి మీ ఖాతా ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి పోతుంటాయి. అతను దొంగ కాకపోవచ్చు. కానీ మీరే మీ ఖాతాలోకి వెళ్లలేరు. విమానం ఎక్కే ముందే ఖాతాను ఎస్ఎంఎస్ నుంచి వేరే పద్ధతికి మార్చుకోండి.

ఎస్ఎంఎస్ బలహీనత సిమ్‌తోనే ఆగదు. 2021 మార్చి నుంచి మే మధ్య కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజ్‌లో కనీసం 6,000 మంది ఖాతాల నుంచి డబ్బు పోయింది. దొంగలకు వాళ్ల ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫోన్ నంబర్ ముందే తెలుసు. ఎస్ఎంఎస్ ద్వారా ఖాతాను తిరిగి తెరుచుకునే పద్ధతిలో ఉన్న లోపం వాళ్లకు మిగతా దారి చూపింది. ఆ డబ్బును కంపెనీ తిరిగి ఇచ్చింది. అన్ని ఎక్స్ఛేంజ్‌లూ అలా ఇస్తాయని లెక్క వేసుకోలేం.

రెండో రకం అథెంటికేటర్ యాప్. సెటప్ చేసేటప్పుడు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అది మన ఫోన్‌లోనూ, ఎక్స్ఛేంజ్ సర్వర్‌లోనూ దాచి ఉంటుంది. ఆ రహస్యాన్నీ, ప్రస్తుత సమయాన్నీ కలిపి లెక్కగడితే ఆరంకెల కోడ్ వస్తుంది. సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. రెండు చోట్లా ఒకే లెక్క కాబట్టి ఇంటర్నెట్ లేకున్నా, విదేశంలో ఉన్నా కోడ్ వస్తుంది. సిమ్‌తో సంబంధమే లేదు. ఆ క్యూఆర్ కోడ్ ఎవరి చేతికి చిక్కితే వాళ్ల ఫోన్‌లోనూ అదే కోడ్ వస్తుంది, అందుకే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో దాచుకోవడం ప్రమాదం.

అథెంటికేటర్‌కూ ఒక సొరంగం ఉంది. 2023 ఆగస్టులో రీటూల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి ఒకరికి ఐటీ విభాగం పేరుతో మెసేజ్ వచ్చింది. లింకు నొక్కి లాగిన్ అయ్యాక ఫోన్ వచ్చింది. తమకు తెలిసిన సహోద్యోగి గొంతునే కృత్రిమంగా తయారు చేసి మాట్లాడారని కంపెనీ చెప్పింది. ఆ ఉద్యోగి మాటల్లో పడి ఒక కోడ్ చెప్పేశారు. గూగుల్ అథెంటికేటర్ కోడ్‌లు గూగుల్ ఖాతాలోకి సింక్ అయ్యే ఏర్పాటు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చింది. అలా గూగుల్ ఖాతా చేజిక్కడంతో దానితో పాటు ఉన్న కోడ్‌లన్నీ దొంగల పరమయ్యాయి. ఆ దాడికి గురైన 27 కస్టమర్ ఖాతాలూ క్రిప్టో రంగానివే. ఫోన్ పోతే కోడ్‌లు పోకుండా సింక్ పనికొస్తుంది, నిజమే. అయితే సింక్ ఆన్ చేస్తే, గూగుల్ ఖాతా ఎంత గట్టిగా ఉంటే అథెంటికేటర్ కూడా అంతే గట్టిగా ఉంటుంది.

పైగా మధ్యలో నిలబడే నకిలీ పేజీ ముందు అథెంటికేటర్ కోడ్ కూడా నిలవదు. మనిషి చూసి కొట్టగలిగే ఏ అంకె అయినా, ఆ మనిషి తప్పు చోట కొట్టగలడు. మూడో రకమైన పాస్‌కీ ఈ సమస్యను మూలం నుంచి పరిష్కరించింది. అందుకే దీన్ని కాస్త వివరంగా తెలుసుకోవాలి.

పాస్‌కీ పెట్టుకున్నప్పుడు మన ఫోన్ లేదా కంప్యూటర్ ఆ సైట్ కోసం ఒక జత తాళాలు తయారు చేస్తుంది. ఒకటి రహస్యం, మన దగ్గరే ఉంటుంది. రెండోది బహిరంగం, ఎక్స్ఛేంజ్‌కి వెళ్తుంది. ఎక్స్ఛేంజ్ డేటా అంతా లీకైనా దొరికేది ఆ రెండోదే. దానితో ఎవరూ లాగిన్ కాలేరు. లాగిన్ అయ్యే ప్రతిసారీ సైట్ ఒక కొత్త ప్రశ్న పంపుతుంది. మనం వేలిముద్ర పెట్టగానే ఫోన్ ఆ ప్రశ్న మీద రహస్య తాళంతో సంతకం చేసి పంపుతుంది. సంతకం చేసే ముందు, తెరిచి ఉన్న సైట్ అడ్రస్ ఏమిటని చూసేది మనం కాదు, బ్రౌజర్. చుక్క ఉన్న ‘ఎన్’తో వచ్చిన సైట్ కోసం మన దగ్గర తాళమే లేదు. కాబట్టి మనం పూర్తిగా మోసపోయి, పదే పదే వేలు పెట్టినా ఇవ్వడానికి ఏమీ ఉండదు. చెప్పడానికి అంకె లేదు, ఫోన్‌లో చదివి వినిపించడానికి కోడ్ లేదు.

యూఎస్‌బీలో పెట్టే సెక్యూరిటీ కీ కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. గూగుల్ 2017 మొదట్లో తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు ఆ కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌లో పోలేదని 2018లో చెప్పింది. వాళ్లందరూ ఉన్నట్టుండి జాగ్రత్తపరులు అయిపోలేదు. ఏర్పాటు మారింది.

బైనాన్స్, కాయిన్‌బేస్, క్రాకెన్ లాంటి పెద్ద ఎక్స్ఛేంజ్‌లు పాస్‌కీకి అవకాశం ఇస్తున్నాయి. మీ ఎక్స్ఛేంజ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉందేమో చూడండి. లేకపోతే అథెంటికేటర్ యాప్ పెట్టండి. పాస్‌కీ పెట్టాక కూడా పక్కన ఎస్ఎంఎస్ దారి తెరిచి ఉంచితే ఉపయోగం సగమే. ‘పాస్‌కీ పనిచేయడం లేదు, వేరే పద్ధతిలో ప్రయత్నించండి’ అని నకిలీ పేజీ చూపిస్తుంది, మనం ఓటీపీ కొట్టేస్తాం. కుదిరితే ఎస్ఎంఎస్‌ను తీసేయండి. పాస్‌కీని ఇంట్లో అందరూ వాడే ఫోన్‌లో పెట్టకండి. ఆ ఫోన్ పిన్ తెలిసిన ప్రతివాళ్లకూ అది తాళం ఇచ్చినట్టే.

లాగిన్ పేజీని ముట్టుకోని దొంగలు

ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డ్ రీసెట్ లింకు ఈమెయిల్‌కి వస్తుంది. విత్‌డ్రా ధ్రువీకరణ కూడా చాలా చోట్ల అక్కడికే వస్తుంది. అలాంటప్పుడు ఈమెయిల్ ఖాతాకు పాస్‌కీ లేకుండా ఎక్స్ఛేంజ్‌కి మాత్రమే పెట్టుకుంటే ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరిచినట్టే. ఎక్స్ఛేంజ్ కోసం ఎక్కడా వాడని, ఎవరికీ ఇవ్వని వేరే ఈమెయిల్ ఉంటే ఇంకా మంచిది. ఆ ఈమెయిల్ సెట్టింగ్స్‌లో మెయిల్స్ వేరే అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతున్నాయేమో అప్పుడప్పుడు చూసుకోవాలి.

ఒకసారి లాగిన్ అయ్యాక, మళ్లీ మళ్లీ అడగకుండా సైట్ మన బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తింపు ఫైల్ పెడుతుంది. కంప్యూటర్‌లోకి దూరే దొంగ ప్రోగ్రాములైన మాల్‌వేర్‌లలో కొన్నిటి పనే ఆ కుకీలను ఎత్తుకెళ్లడం. కుకీ దొరికితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, పాస్‌కీ అక్కర్లేదు, తలుపు అప్పటికే తెరిచి ఉంది. లూమా అనే ఇలాంటి మాల్‌వేర్ 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో ఉన్నట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, గేమ్ చీట్‌లు, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు ఇలాంటివాటికి ఇష్టమైన దారులు. పిల్లలు గేములు ఆడే కంప్యూటర్‌లో ఎక్స్ఛేంజ్ తెరవకండి. పని అయ్యాక ట్యాబ్ మూసేయడం కాదు, లాగౌట్ నొక్కండి. సెట్టింగ్స్‌లో ఏ పరికరాల్లో లాగిన్ అయి ఉన్నామో చూపించే జాబితా ఉంటుంది. తెలియని పరికరం కనిపిస్తే వెంటనే తీసేయాలి.

ఇక ఫోన్ కాల్స్. 2025 మే 15న కాయిన్‌బేస్ ఒక విషయం బయటపెట్టింది. విదేశాల్లో ఉన్న తమ కస్టమర్ సపోర్ట్ సిబ్బందిలో కొందరికి లంచం ఇచ్చి, దొంగలు 69,461 మంది ఖాతాదారుల వివరాలు రాబట్టారు. పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల చిత్రాలు, కొందరి ఖాతాలో ఎంత ఉందో, ఏ లావాదేవీలు చేశారో అన్నీ పోయాయి. పాస్‌వర్డ్‌లు, కోడ్‌లు పోలేదు. దొంగలు 2 కోట్ల డాలర్లు అడిగితే కంపెనీ ఇవ్వలేదు, వాళ్లను పట్టిస్తే అదే మొత్తం బహుమతిగా ఇస్తామంది. పాస్‌వర్డ్‌లు లేకుండా ఆ వివరాలతో ఏం చేస్తారు? ఫోన్ చేస్తారు. మీ పేరు చెబుతారు, మీ చివరి లావాదేవీ చెబుతారు, ‘మీ ఖాతాలోకి ఎవరో చొరబడుతున్నారు, వెంటనే ఈ సేఫ్ వాలెట్‌కు మార్చండి’ అంటారు. ఎంత తెలిసినవాడిలా మాట్లాడినా, ఏ ఎక్స్ఛేంజ్ కూడా తానుగా ఫోన్ చేసి కోడ్ అడగదు, డబ్బు మార్చమనదు. మన ఫోన్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమని అసలు అనదు. ఫోన్ పెట్టేసి, బుక్‌మార్క్ నుంచి సైట్ తెరిచి మీరే చూసుకోండి.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే మోసం దీనికన్నా సులువైనది. అందులో అసలు ఎక్స్ఛేంజ్ ఖాతానే ఉండదు. టెలిగ్రామ్ లేదా వాట్సాప్ గ్రూపులో చేర్చి, ఒక ట్రేడింగ్ యాప్ వేసుకోమంటారు. యాప్ అబద్ధం, తెర మీద పెరిగే లాభం అబద్ధం. విత్‌డ్రా చేయబోతే ముందు ‘ట్యాక్స్’ కట్టమంటారు. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్న మాట నిజమే కాబట్టి జనం నమ్ముతారు. కానీ విత్‌డ్రా కోసం ముందుగా వేరే ఖాతాకు పన్ను వేయమనే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. అలాంటి యాప్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా వృథా.

బయటకు వెళ్లే గేటు

2018లో డబ్బు ఆగింది ఈ గేటు దగ్గరే. మనం సొంతంగా ఇక్కడ పెట్టుకోగల కాపలా ఒకటి ఉంది. చాలామంది దాని పేరు విన్నా ఆన్ చేయరు. అదే విత్‌డ్రా అడ్రస్ వైట్‌లిస్ట్. ముందే నమోదు చేసిన వాలెట్ అడ్రస్‌లకు తప్ప ఎక్కడికీ కాయిన్లు పోవు. కొత్త అడ్రస్ చేరిస్తే ఎక్స్ఛేంజ్‌ను బట్టి 24 లేదా 48 గంటలు ఆగాలి. దొంగ లోపలికి వచ్చినా తన అడ్రస్ చేర్చి ఆగాల్సిందే, ఈలోగా మనకు ఈమెయిల్ వస్తుంది.

ఈ ఆగే సమయం ఎంత ముఖ్యమో క్రిప్టో డాట్ కామ్ అనే ఎక్స్ఛేంజ్ దెబ్బ తిన్నాకే నేర్చుకుంది. 2022 జనవరి 17న ఆ ఎక్స్ఛేంజ్‌లో 483 మంది ఖాతాల నుంచి, ఖాతాదారులు రెండో రుజువు ఇవ్వకుండానే విత్‌డ్రాలు ఆమోదం పొందాయి. సుమారు 3.4 కోట్ల డాలర్ల విలువ. ఆ తర్వాతే కొత్తగా చేర్చిన అడ్రస్‌కు మొదటి విత్‌డ్రాకి 24 గంటల ఆలస్యం పెట్టారు. క్రాకెన్‌లో ఖాతా సెట్టింగ్స్ మొత్తాన్ని లాక్ చేసి, తెరవాలంటే మనం ఎంచుకున్నన్ని రోజులు ఆగేలా పెట్టుకోవచ్చు. రోజూ ట్రేడింగ్ చేయని, కొని దాచుకునేవాళ్లకు ఇది ఎంతో మేలు.

ఏపీఐ కీలు మీరు వాడకపోతే ఆ జాబితా ఖాళీగా ఉందో లేదో చూడండి. మీకు తెలియని కీ ఒకటి కనిపిస్తే, పాస్‌వర్డ్ మార్చినా సరిపోదు, కీని తొలగించాలి. యాంటీ ఫిషింగ్ కోడ్ అనే సెట్టింగ్ కూడా కొన్నిటిలో ఉంటుంది. మీరు ఎంచుకున్న ఒక పదం ఎక్స్ఛేంజ్ పంపే ప్రతి ఈమెయిల్‌లో కనిపిస్తుంది. పదం లేని ఈమెయిల్ నకిలీది.

గేటు గట్టిగా కట్టుకున్నాక, మనమే బయట ఉండిపోకుండా చూసుకోవాలి. సెటప్ అప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఇంట్లో పత్రాలు ఉండే చోట పెట్టండి. పాస్‌కీ రెండు పరికరాల్లో ఉండాలి. ఫోన్ పోయాక ఎక్స్ఛేంజ్ సపోర్ట్‌కు సెల్ఫీలు, గుర్తింపు కార్డులు పంపుతూ రోజుల తరబడి ఎదురుచూడటం కన్నా ఈ పావుగంట పని తేలిక.

ఎంత చేసినా లాగిన్ భద్రత కాపాడేది మన తలుపునే. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయినప్పుడు ఖాతాదారుల పాస్‌వర్డ్‌లతో దానికి సంబంధం లేదు. కంపెనీ వాలెట్ మీదే దాడి జరిగింది. అది ఉత్తర కొరియా పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా 2025 జనవరిలో కలిసి ప్రకటించాయి. ఎంతో జాగ్రత్తగా ఉన్న ఖాతాదారులు కూడా ఏడాదికి పైగా తమ క్రిప్టోను బయటకు తీసుకోలేకపోయారు. పోతే తట్టుకోలేనంత మొత్తం ఎక్స్ఛేంజ్‌లో ఉంచకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

అయినా జరిగితే

ఖాతాలోకి ఎవరో వచ్చారని అనుమానం వచ్చిన నిమిషంలో పాస్‌వర్డ్ మార్చడానికే పరిగెత్తకండి. చాలా ఎక్స్ఛేంజ్‌లలో ఖాతాను తాత్కాలికంగా స్తంభింపజేసే బటన్ ఉంటుంది, ముందు అది నొక్కండి. అది ఎక్కడ ఉందో ఇవాళే వెతికి చూసి పెట్టుకోండి. తర్వాత వేరే, శుభ్రమైన పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆపై ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, ఏపీఐ కీలు తీసేయాలి. మాల్‌వేర్ ఉన్న కంప్యూటర్ నుంచే కొత్త పాస్‌వర్డ్ పెడితే అదీ దొంగకే చేరుతుంది.

కాయిన్లు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తెలంగాణలో సైబర్ నేరాల కోసమే సైబర్ సెక్యూరిటీ బ్యూరో పనిచేస్తోంది. ఫిర్యాదులో లావాదేవీ హాష్ (ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు కోడ్), కాయిన్లు వెళ్లిన వాలెట్ అడ్రస్, ఏ నెట్‌వర్క్, ఏ సమయం అన్నవి తప్పకుండా రాయండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అడ్రస్‌ను కాపీ చేసి అక్షరాలుగా ఇవ్వండి. బ్లాక్‌చెయిన్ అందరికీ కనిపించే లెక్కల పుస్తకం కాబట్టి కాయిన్లు ఎటు కదిలాయో చూడొచ్చు. అవి ఇంకో ఎక్స్ఛేంజ్‌కి చేరితే, పోలీసుల లేఖ అందిన తర్వాత అక్కడ ఆపే అవకాశం ఉంటుంది. దొంగలు గంటల్లోనే వాటిని ముక్కలు చేసి వాలెట్ల మధ్య తిప్పుతారు. అందుకే సిగ్గుపడి, ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు దాచిపెట్టడం అన్నిటికన్నా ఖరీదైన ఆలస్యం.

ఆ తర్వాత కొన్నాళ్లకు మీకు ఇంకో మెసేజ్ వస్తుంది. పోయిన క్రిప్టోను తిరిగి తెప్పిస్తామనీ, ముందు కొంత ఫీజు కట్టమనీ అందులో ఉంటుంది. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడవుతాయి. ఆ మెసేజ్‌కు జవాబు ఇవ్వకండి. దాన్ని కూడా పాత ఫిర్యాదు నంబర్‌కే జత చేయండి.